ఒక వారం, మూడు కుటుంబాలు: బంధువులతో కలిసి టైమ్‌షేర్ కొనవచ్చా?

పెట్రోలు బంకులోనో షాపింగ్ మాల్‌లోనో ఎవరో అడిగితే ఒక కూపను నింపి ఇచ్చేస్తారు. వారం తిరగకుండా ఫోను వస్తుంది. మీకు గిఫ్టు తగిలింది, ఆదివారం ఫలానా హోటలుకు వచ్చి తీసుకోండి, కాకపోతే భార్యాభర్తలు ఇద్దరూ రావాలి అని. ఆ చివరి షరతు ఊరికే పెట్టింది కాదు. ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతాను" అని లేచి వెళ్లిపోవచ్చు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటే ఆ మాటకు చోటుండదు. గంటన్నర సేపు కొండలు, సముద్రాలు, ఈతకొలనులు చూపించాక, టైమ్‌షేర్‌కు, అంటే ఏటా ఒక వారం రిసార్టులో ఉండే మెంబర్‌షిప్‌కు, ఆరు లక్షల అంకె కాగితం మీదికి వస్తుంది. ఆ అంకె దగ్గర మొహాలు మారడం చూసి సేల్స్ ప్రతినిధి రెండో కాగితం తీస్తాడు. "మీ తమ్ముడుగారిని, బావగారిని కలుపుకోండి సార్. తలా రెండు లక్షలు. ఏడాదికోసారి అందరూ కలిసినట్టూ ఉంటుంది."

ఆరు లక్షలను మూడుతో భాగించడం ఎవరికైనా వచ్చు. చిక్కేమిటంటే, ఇక్కడ పంచుకోవలసింది డబ్బును కాదు, ఏడాదిలో ఒక వారాన్ని. బంధువులు కలిసి టైమ్‌షేర్ తీసుకున్నప్పుడు లాభనష్టాలను గది అద్దె కంటే ఆ కుటుంబాల క్యాలెండర్లే ఎక్కువగా తేలుస్తాయి. అందరికీ ఒకే వారం కావలసి వస్తే చవకగా దొరికిన మెంబర్‌షిప్ కూడా బరువే. ఎవరి వారం వారిదైతే కొంత ఖరీదైనది కూడా గిట్టవచ్చు.

చేతికి వచ్చేది ఏమిటి

ఈ పద్ధతి ఐరోపాలో పుట్టింది. 1963లో స్విట్జర్లాండ్‌లో మొదలైన హాపిమాగ్ అనే సంస్థ, తనలో వాటాలు కొన్నవారికి తన సెలవు ఇళ్లలో ఉండే హక్కు ఇచ్చింది. 1974లో అమెరికాలో వచ్చిన ఆర్‌సీఐ, ఒక ఊళ్లోని వారాన్ని ఇంకో ఊళ్లోని వారంతో మార్చుకునే ఏర్పాటు చేసింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ ఈ రంగంలోకి వచ్చాయి. క్లబ్ మహీంద్రా పేరు తెలుగు ఇళ్లలో టైమ్‌షేర్‌కు మారుపేరుగా మారింది కాబట్టి దాని పదజాలమే చాలామందికి తెలుసు: 25 ఏళ్ల సభ్యత్వం, ఏడాదిలోని రోజులకు పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అనే నాలుగు సీజన్లు, స్టూడియో నుంచి రెండు పడక గదుల వరకు గదుల రకాలు. గిరాకీ ఎక్కువుండే రోజులు పర్పుల్. తక్కువ సీజన్‌కు డబ్బు కట్టినవారు పై సీజన్ రోజులను హక్కుగా అడగలేరు.

అమ్మేవారి నోట "ఆస్తి" అనే మాట తరచుగా వస్తుంది. ఇక్కడ నడిచే మెంబర్‌షిప్‌లలో ఎక్కువ భాగం ఆస్తి కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మకపు దస్తావేజు ఉండదు, భూమి ధర పెరిగితే సభ్యుడికి ఒరిగేదీ ఉండదు, 25 ఏళ్లు నిండాక మిగిలేదీ ఉండదు. ముందుగా డబ్బు కట్టి కొనుక్కున్న సేవ అది. ఆ సేవ కూడా బస వరకే. ప్రయాణం, భోజనం, చుట్టుపక్కల తిరగడం అన్నీ వేరు. రిసార్టులో పూటపూటకీ బఫే బిల్లు చూశాక, మరుసటి ఏడాది ఆవకాయ జాడీ, చిన్న రైస్ కుక్కరు సూట్‌కేసులో ఎక్కడం మామూలే.

ఇంకొకటి వార్షిక రుసుము. వెళ్లినా వెళ్లకపోయినా ఏటా కట్టాలి, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఏటా పెరుగుతుంది. అది బాకీ ఉంటే గది బుక్ కాదు. ఇదే సమయంలో హోటళ్ల వైపు పన్ను తగ్గింది. రాత్రికి 7,500 రూపాయల వరకు ఉండే గదుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే.

అంకెలు వేసి చూస్తే

ఒక ఊహాత్మక లెక్క తీసుకుందాం. మెంబర్‌షిప్ పన్నుతో కలిపి 6 లక్షలు, ఏటా 7 రాత్రులు, మొదటి ఏడాది రుసుము 20,000, అది ఏటా 6 శాతం పెరుగుతుందని అనుకుందాం. 25 ఏళ్లలో రుసుముల మొత్తం దాదాపు 11 లక్షలు అవుతుంది. చివరి ఏడాది ఒక్కదానికే 81,000. అంటే ధర కంటే రుసుములే ఎక్కువ. ఈ సంగతి ఆ ఆదివారం హోటల్లో వినిపించదు.

అక్కడ వినిపించే లెక్క ఇలా ఉంటుంది. ఇవాళ మంచి హోటల్లో రాత్రికి 6,000, వారానికి 42,000. అదీ ఏటా 6 శాతం పెరిగితే 25 ఏళ్లకు 23 లక్షలు. మెంబర్‌షిప్‌కు అయ్యేది రుసుములతో కలిపి 17 లక్షలు. ఆరు లక్షలు మిగిలాయి, మీ డబ్బు మీకు తిరిగి వచ్చేసినట్టే కదా సార్!

కూడికల్లో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, 25 ఏళ్ల తర్వాత ఖర్చయ్యే రూపాయిని, ఇవాళ చేతి నుంచి పోయే రూపాయిని ఒకే వరుసలో పెట్టి కూడటంలో. ఆ 6 లక్షలు 7 శాతం వడ్డీతో బ్యాంకులో కదలకుండా ఉంటే 25 ఏళ్లకు 32 లక్షలు దాటుతాయి. ఆ 7 శాతం లెక్కనే, హోటలు ఖర్చులోంచి రుసుము పోగా ఏటా మిగిలే సొమ్మును నేటి విలువకు తెచ్చి చూస్తే మొత్తం 5 లక్షలకు లోపే తేలుతుంది. అంటే ఒక్క ఏడాది కూడా వదలకుండా ఏడేసి రాత్రులూ వాడుకున్నా దాదాపు లక్ష నష్టం. ఈ ఉదాహరణలో మెంబర్‌షిప్ గిట్టాలంటే, అది లేకపోతే రాత్రికి దాదాపు 6,700 పెట్టి హోటల్లో దిగే కుటుంబం అయి ఉండాలి. పాతికేళ్లలో 18 ఏళ్లే వెళ్లగలిగితే ఆ గీత దాదాపు 9,300కు పెరుగుతుంది.

కాబట్టి ప్రతి ఇంట్లో వేసుకోవలసిన ప్రశ్న "రిసార్టు గది ధర ఎంత?" అన్నది కాదు. "మన డబ్బుతో మనం వెళ్లినప్పుడు నిజంగా ఎంత అద్దె గదిలో దిగాం?" అన్నది. మూడు వేల గదితో తృప్తి పడే కుటుంబానికి తొమ్మిది వేల గదితో పోల్చి పొదుపు చూపించడం, కొనని పట్టుచీర మీద తగ్గింపు చూపించడం లాంటిది.

పొత్తు కలిపితే ఈ లెక్క బాగుపడుతుందా? పెట్టుబడి మూడో వంతు అవుతుంది, రుసుమూ మూడో వంతు అవుతుంది, వారమూ మూడో వంతే అవుతుంది. తలకు రెండు రాత్రులు, పైన కొంచెం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రెండు రాత్రుల కోసం కూర్గు దాకా ఎవరూ పోరు. అందుకని చాలామంది మూడేళ్లకోసారి పూర్తి వారం అనే వంతు పెట్టుకుంటారు. 25ను మూడుతో భాగిస్తే ఇంటికి 8 వంతులు వస్తాయి, ఒక ఏడాది మిగిలిపోతుంది. ఆ మిగిలిన ఏడాది గొడవ ఎటూ పాతికేళ్ల తర్వాతి మాట. దగ్గరలో ఉన్నది వేరే ఉంది. తమ్ముడి కూతురికి ఇప్పుడు ఏడేళ్లు అనుకోండి. మొదటి వంతు వాళ్లదే అయినా ఆ పిల్లకు 7, 10, 13, 16 ఏళ్లప్పుడు వారం వస్తుంది. పదహారు అంటే ఇంటర్. తెలుగు ఇళ్లలో ఇంటర్ చదివే పిల్లలున్న రెండేళ్లు ఊటీ సంగతి దేవుడెరుగు, పక్కవీధిలో పెళ్లికి కూడా ఇద్దరిలో ఒకరే వెళ్తారు. అంటే పాతికేళ్ల ఒప్పందంలో, ఎవరి కోసం కొన్నారో ఆ పిల్లకు దక్కేది మూడు వారాలు.

ఒకే బావి, ఒకే పంట

రాయలసీమలోనూ తెలంగాణలోనూ అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు బావిని పంచలేక ఉమ్మడిగా ఉంచుకోవడం పాత అలవాటు. బావిలో ఎవరి వంతు ఎంత, మోటారు ఎవరు ఏ రోజు వేసుకోవాలి అన్నది పంపకాల కాగితాల్లో రాసుకునేవారు. ఆ రాత ఉన్నా తగాదాలు వచ్చేవి. వచ్చేది వానలు పడేటప్పుడు కాదు, వరి పొట్ట మీద ఉన్నప్పుడు. అందరి మడిలోనూ ఒకే పంట కాబట్టి అందరికీ నీళ్లు కావలసింది ఆ వారమే.

బంధువుల టైమ్‌షేర్ అచ్చం అలాంటి బావి. బడిపిల్లలున్న తెలుగు కుటుంబానికి ఏడాదిలో నిజంగా కదలడానికి వీలయ్యే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సంక్రాంతి సెలవులు సొంతూరికే పోతాయి. దసరాలో కొన్ని రోజులు దొరుకుతాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచేదాకా వేసవి సెలవులు. అందులోనూ ఎండలు భరించలేక కొండ మీదికి పోవాలనిపించేది మే మొదటి మూడు వారాలు. అన్నకూ తమ్ముడికీ బావకూ కావలసింది ఆ మూడు వారాల్లో ఒకటి. వాళ్లకే కాదు, దక్షిణాది మొత్తానికీ అదే కావాలి. రద్దీ ఎంత ముదిరిందంటే ఊటీ, కొడైకెనాల్‌లకు బయటి వాహనాలు ఈ-పాస్ లేకుండా రాకూడదని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 2024 మే 7 నుంచి అది అమలైంది. మరుసటి వేసవిలో రోజువారీ పరిమితులు కూడా పెట్టారు: ఊటీకి మామూలు రోజుల్లో 6,000 వాహనాలు, వారాంతాల్లో 8,000, కొడైకెనాల్‌కు 4,000, 6,000. పర్పుల్ సభ్యత్వం ఉన్నా నెలల ముందే కూర్చుని బుక్ చేసుకున్నవాళ్లదే గది. ఆ కూర్చునేది ముగ్గురిలో ఎవరు? లాగిన్ ఒకటే, ఫోను నంబరు ఒకటే, ఓటీపీ వచ్చేది ఒకరికే.

బంధువులు కావడం వల్ల ఈ ఇరుకు ఇంకా పెరుగుతుంది. వేర్వేరు ఇళ్ల స్నేహితులైతే ఒకరికి కుదరని వారం ఇంకొకరికి కుదరవచ్చు. బంధువులకు పెళ్లి వస్తే అందరికీ అదే పెళ్లి. ముహూర్తాలు మెండుగా ఉండే వైశాఖం సరిగ్గా వేసవి సెలవుల మీదే పడుతుంది. అన్నదమ్ములైతే మరొకటి కూడా ఉంది. జ్ఞాతుల్లో ఎవరైనా పోతే మైల అందరికీ ఒకేసారి వస్తుంది, ఏడాది లోపు సరదా ప్రయాణాలేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పే అవకాశం అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉంటుంది. బీమా కంపెనీల భాషలో చెప్పాలంటే ఇది నష్టభయాన్ని పంచుకోవడం కాదు, ఒకేచోట పోగుపెట్టడం.

"విడివిడిగా ఎందుకు, అందరం కలిసే వెళ్దాం" అనేవారు ఉంటారు. అసలు బంధువులతో కలిసి కొనడంలో ఉన్న ఆకర్షణ అదే. గది కొలతలు ఆ ఆశకు అడ్డు. స్టూడియో అంటే మామూలుగా ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు. మూడు కుటుంబాలంటే ఆరుగురు పెద్దలు, అమ్మానాన్నలతో ఎనిమిది మంది, పిల్లలు ఐదుగురో ఆరుగురో. వీళ్లకు మూడు నాలుగు గదులు కావాలి. మెంబర్‌షిప్ ఇచ్చేది ఒకటి. మిగతావి మామూలు ధరకే తీసుకోవాలి. విడిగా వెళ్తే వారం చాలదు, కలిసి వెళ్తే గది చాలదు.

దీనికి ఒక దారి ఉంది, అది చాలామందికి తట్టదు. వాడని రాత్రులను వచ్చే ఏడాదికి పోగేసుకునే వీలున్న పథకాలు ఉన్నాయి. రెండేళ్లు వదిలేసి మూడో ఏట మూడు గదులు ఒకేసారి తీసుకోవచ్చు. అందరూ కలిసినట్టు అవుతుంది, వంతుల పేచీ ఉండదు. అయితే రుసుము మూడేళ్లూ కట్టాలి, ఒకే రిసార్టులో ఒకే తేదీల్లో మూడు గదులు దొరకాలి, అదీ మే నెలలో. దసరాకో డిసెంబరు మొదటివారానికో ఒప్పుకునే కుటుంబాలకైతే దొరికే అవకాశం ఎక్కువ.

పేరు ఎవరిది, బాకీ ఎవరిది

మెంబర్‌షిప్ దరఖాస్తులో ప్రధాన సభ్యుడు మామూలుగా ఒకరే. భార్యో భర్తో పక్కన ఉంటారు. సొంత పిల్లలు కుటుంబం కిందికి వస్తారు. తమ్ముడూ బావా కంపెనీ దృష్టిలో అతిథులు. తలా రెండు లక్షలు ఇచ్చిన మనిషి రిసెప్షన్‌లో అతిథిగా సంతకం పెట్టడం చిన్న విషయమే. అతిథులకు అదనపు రుసుము ఉందా, సభ్యుడు వెంట లేకుండా రావచ్చా, పర్పుల్ రోజుల్లో అతిథులకు గది ఇస్తారా అన్నవి చిన్నవి కావు. ఒప్పందంలో ఈ మూడూ ఎక్కడ ఉన్నాయో వెతికి చదవాలి.

సభ్యుడు వీలునామా లేకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని హక్కులు మొదట చేరేది భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి. డబ్బు పెట్టిన తమ్ముడు ఆ వరుసలో లేడు. వదిన మంచిదే కావచ్చు. వదినకు ఆ రెండు లక్షల సంగతి ఎవరైనా చెప్పి ఉండాలి కదా.

ముగ్గురి పేర్లూ పెట్టించుకుంటే సమస్య తిరగబడుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, ఒకే హామీని కొందరు కలిసి ఇచ్చినప్పుడు, వేరేగా రాసుకోకపోతే, వారిలో ఏ ఒక్కరి నుంచైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. కట్టినవాడు మిగతావారి వాటా వారి నుంచి రాబట్టుకోవాలి. చట్టం ఆ హక్కు ఇచ్చింది. వాడేదెవరు? రుసుములో వాటా ఆరు వేలో ఏడు వేలో బాకీ ఉన్నందుకు బావగారికి నోటీసు పంపే ఇల్లు తెలుగునాట ఉందా?

అన్నదమ్ముల మధ్య అయితే అమ్మ ద్వారానో నాన్న ద్వారానో ఒక మాట వెళ్తుంది, డబ్బు వస్తుంది. తోడల్లుళ్ల మధ్య అలా చెప్పగల మనిషి ఉండడు. అత్తగారు అల్లుణ్ని బాకీ అడగదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోనులో ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడుకుంటారు. చివరికి మొదట దరఖాస్తు నింపిన తోడల్లుడే ఏటా ముగ్గురి రుసుమూ కడుతూ పోతాడు. మూడేళ్లు కట్టాక వంతు మాట ఎత్తడానికి మిగతా ఇద్దరికీ మొహమాటం, డబ్బు మాట ఎత్తడానికి ఇతనికి మొహమాటం. ఈ మొహమాటానికి లెక్కల పుస్తకంలో కాలమ్ లేదు గానీ, పొత్తు ఎక్కువగా చెడేది అక్కడే. అందుకే ఆడపడుచు భర్తతోనో తోడల్లుడితోనో కొనేటప్పుడు కాగితం అవసరం, సొంత అన్నదమ్ములతో కంటే ఎక్కువ.

కాగితం అంటే స్టాంపు పేపరు మీద రెండు పేజీలు చాలు. ఎవరు ఎంత పెట్టారు, రుసుము ఏ తేదీకి ఎవరి ఖాతాలోకి రావాలి, రాకపోతే ఆ ఏడాది వంతు ఎవరికి పోతుంది, తేదీలు ఢీకొంటే ఎవరిది పైచేయి అని రాసుకోవాలి. బయటికి పోయేవాడి సంగతి వీటన్నిటికంటే కష్టం. పదో ఏట ఒక కుటుంబం కెనడా వెళ్లిపోయింది అనుకుందాం. ఏళ్ల లెక్కన చూస్తే రెండు లక్షల్లో 15 ఏళ్లకు 1,20,000 మిగిలి ఉన్నట్టు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపించే పాత మెంబర్‌షిప్‌లు కొన్న ధరకంటే బాగా తక్కువకే ఉంటాయి, బదిలీకి కంపెనీ రుసుము వేరు. వెళ్లేవారు మొదటి అంకె అడుగుతారు, ఉన్నవారు రెండో అంకె చూపిస్తారు. ఏ అంకె అన్నది ఎవరు వెళ్తారో తెలియనప్పుడే రాసుకుంటే సులువు. "మీ మెంబర్‌షిప్ మేం అమ్మిపెడతాం, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని వచ్చే ఫోన్లకు మాత్రం రూపాయి కూడా పంపకూడదు. అలా పంపిన డబ్బు తిరిగి రావడం అరుదు.

ఇరుక్కున్నాక

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్ర చట్టం టైమ్‌షేర్ కొన్నవారికి 10 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఇస్తుంది. ఆ హక్కును వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. నెవాడాలో 5 రోజులు. ఐరోపా సమాఖ్యలో 14 రోజులు, ఆ లోపు కొనేవారి నుంచి డబ్బు తీసుకోవడం కూడా నిషిద్ధం. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు, చట్టం ఇచ్చిన గడువూ లేదు. కంపెనీ తన ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకుంటే అన్నే.

ఆ గడువు దాటిపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ ఆఫీసు ముంబైలోనో చెన్నైలోనో ఉన్నా ఫిర్యాదుదారు తాను ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించింది 5 లక్షల వరకైతే ఫీజు లేదు, 6 లక్షలైతే 200 రూపాయలు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడవచ్చు. పొత్తుదార్లకు పనికొచ్చే సంగతి ఒకటి ఈ చట్టంలో ఉంది. డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందుతున్నవారు కూడా వినియోగదారులే. ఒప్పందం పేరు అన్నది అయినా, తన వంతులో సరైన గది దొరకని తమ్ముడికి అసలు నోరే లేదనలేం. అన్నట్టు, హాల్లో నోటిమాటగా ఇచ్చిన హామీలు ఒప్పందంలో లేకపోతే నిరూపించడం కష్టం. "ఎప్పుడంటే అప్పుడు గది దొరుకుతుంది" అన్న మాటను అక్కడికక్కడే వాట్సాప్‌లో పంపమని అడిగితే ఆ మాట ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

అమెరికాలోని తెలుగువారి పరిస్థితి వేరు. ఆర్లాండోలోనో లాస్ వేగస్‌లోనో పార్కు టికెట్లు తక్కువకు ఇస్తామని కూర్చోబెట్టి అమ్మే వాటిలో కొన్ని నిజంగానే ఆస్తి రూపంలో ఉంటాయి. కౌంటీ రికార్డుల్లోకి ఎక్కుతాయి, కొన్నిటికి ముగింపు ఏడాదే ఉండదు. ఆస్తి అన్నమాటే గానీ, ఏటేటా నిర్వహణ రుసుము కట్టలేక ఒక్క డాలరుకు అమ్మకానికి పెట్టేవారు ఉన్నారు. బావమరిదితో కలిసి అలాంటిది కొన్న హెచ్-1బీ ఉద్యోగికి ఉద్యోగం పోతే, మరో దారి చూసుకోవడానికి మామూలుగా ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. దేశం విడిచి వచ్చినా రుసుము ఆగదు, ఉన్నవారి మీద పడుతుంది. కడితే వారి జేబుకు, కట్టకపోతే వారి క్రెడిట్ స్కోరుకు. దీన్ని ఉమ్మడిగా కొనడం ఇండియా మెంబర్‌షిప్ కంటే రెట్టింపు ప్రమాదం.

ఎవరికి కుదురుతుంది

క్యాలెండర్లు కలవని బంధువులకు కుదురుతుంది. రిటైరైన మేనత్త దంపతులకు సెప్టెంబరు అయినా నవంబరు అయినా ఒకటే, జనం లేకపోతే ఇంకా ఇష్టం. పిల్లలు ఇంకా లేని బెంగళూరు జంటకు నాలుగు రోజుల సెలవు ఎప్పుడైనా దొరుకుతుంది. విదేశంలో ఉండే కుటుంబం వస్తే డిసెంబరులో వస్తుంది, వచ్చిన మూడు వారాల్లో పళ్ల డాక్టరు, తిరుమల మొక్కు, చుట్టాల ఇళ్లు పోగా మిగిలిన మూడు రోజులు ఎక్కడైనా ఉండాలనుకుంటుంది. ఈ ముగ్గురూ ఒకే మెంబర్‌షిప్ మీద పడినా ఢీకొనరు. తక్కువ సీజన్ సభ్యత్వం ధర కూడా తక్కువ. ముగ్గురికీ కలిపి ఏడు రాత్రులూ ఏటా ఖర్చవుతాయి, లెక్క గిట్టేది అప్పుడే.

ఒకే ఈడు బడిపిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు మనవాళ్లకు బాగా తెలిసినదే: టూరు చీటీ. ఇంటికి నెలకు 2,500 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేస్తే మూడు ఇళ్లకు ఏడాదికి 90,000, వడ్డీ పైన. ఆ డబ్బుతో ఆ ఏడాది కుదిరిన చోట కావలసినన్ని గదులు తీసుకోవచ్చు. పెళ్లో మైలో వచ్చి వెళ్లలేకపోతే డబ్బు ఖాతాలోనే ఉంటుంది. ఎవరైనా తప్పుకుంటే వారి వాటా ఇచ్చేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

కొనాలని ఒకరికి గట్టిగా ఉంటే, ఒక్కరే కొని మిగతావారిని పిలవడం మరో పద్ధతి. డబ్బు పుచ్చుకోకుండా పిలిస్తే తమ్ముడు నిజంగానే అతిథి. గది చిన్నదైనా మాట్లాడడు, వంతు అడగడు, భోజనాల బిల్లు తానే కడతానని పోట్లాడతాడు కూడా. అదే మనిషి రెండు లక్షలు పెట్టాక కిటికీలోంచి లోయ కనిపించడం లేదని ఫిర్యాదు చేస్తాడు. అతనిలో తప్పేమీ లేదు, వాటాదారు చేయవలసిన పనే చేస్తున్నాడు.

ఎటు మొగ్గినా, సంతకానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ముగ్గురూ గత మూడేళ్లలో ఇంటి నుంచి మూడు రాత్రులకు మించి ఎప్పుడెప్పుడు బయట ఉన్నారో ఒక కాగితం మీద రాయాలి. ఫోన్లలోని ఫోటోల తేదీలు చూస్తే అరగంటలో తేలిపోతుంది. పెళ్లిళ్లు, తీర్థయాత్రలు, గృహప్రవేశాలు కొట్టేయాలి. మిగిలిన తేదీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. చాలా ఇళ్లలో కొట్టివేతల తర్వాత మిగిలేది ఒకటో రెండో వరుసలు, అవీ మే నెలవే.

ఆ కాగితం రాయడానికి రెండు రోజులు గడువు కావాలని, ఒప్పందం నకలు ఇంటికి ఇవ్వమని ఆ ఆదివారం అడిగితే, ధర ఈరోజుకే అంటారు. లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చి ఇంకో ఇరవై వేలు తగ్గిస్తారు. అయినా లేచి నిలబడితే గిఫ్టు కవరు చేతికిస్తారు. లోపల చాలాసార్లు ఉండేది మరో కూపనే: ఇద్దరికి మూడు రాత్రుల ఉచిత బస, సీజన్ రోజుల్లో చెల్లదు, పన్నులు ముందుగా చెల్లించాలి.